పుస్తకంలో లేని వాక్యం

ఆదినారాయణ అయ్యవారికి కౌసల్య టీచరంటే ఒళ్లుమంట. ఆమె నడక, ఆమె చేతిసంచి, ఆమె కుప్పం యాస, ఆమె మొదలుపెట్టిన గుంపు చదువు, అన్నీ మంటే. ఆమెకూ ఆయనంటే అంతే. బోడిగుట్టపల్లె హైస్కూలు స్టాఫు రూములో వాళ్ల కుర్చీలు ఎదురెదురుగా ఉండేవి. ఆమె వచ్చిన నెలలోపలే ఆయన తన కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. మరుసటి వారం ఆమె తన కుర్చీని కిటికీవైపు తిప్పుకుంది. హెడ్‌మాస్టరు ఆ రెండు వీపుల మధ్య నిలబడి టీ తాగి, గ్లాసు పెట్టి వెళ్లిపోయేవాడు.

పాత పంతులుకు కొత్త పద్ధతి గిట్టడం లేదని ఊళ్లో అందరూ అనుకున్నారు. అది సగమే నిజం. మిగతా సగం ఆయనకు, ఆయన భార్య రత్నమ్మకు, మదనపల్లెలో ఒక కంటి డాక్టరుకు మాత్రమే తెలుసు. కనీసం ఆయన అట్లా అనుకున్నాడు.

ఆదినారాయణ తంబళ్లపల్లె వైపు మెట్ట పల్లెలో పుట్టాడు. తండ్రి బాలప్పకు ఎనిమిదెకరాల శెనక్కాయ చేను, నీళ్లు లేని బావి, ముప్ఫై గొర్రెలు ఉండేవి. పిల్లవాడు గొర్రెల వెంట తిరుగుతూ బడిలో విన్న పద్యాలు గొంతెత్తి పాడేవాడు. ఆ గొంతు విని ఎవరో పుణ్యాత్ముడు బాలప్పతో మాట్లాడి చదువుకు పంపించాడు. విద్వాన్ పరీక్ష పాసై తెలుగు పండితుడుగా ఉద్యోగంలో చేరిన రోజున, సేద్యగాళ్ల ఇంట్లో పండితుడేమిటని మొహం మీదే నవ్వినవాళ్లున్నారు. ఆయన వాళ్లకు నోటితో జవాబు చెప్పలేదు. క్లాసులో నిలబడి పాఠం చదివాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఆ గొంతు అట్లాంటిది. ఆయన ఒక వాక్యం చదివితే అరవై మంది పిల్లలు దాన్ని తిరిగి అప్పజెప్పేవారు. స్కూలు ముందర పెద్దపంజాణి బస్సు ఆగినప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు పాఠం విని పోయేవారు. పిల్లలకు చదవడం వచ్చిందా అంటే, వినడం మాత్రం బాగా వచ్చింది. ఈ మాట ఎవరైనా ఆయనతో అంటే ఆరునెలలు పలకరించేవాడు కాడు. తెలుగు పాఠమంటే తన గొంతు, తన గొంతంటే తెలుగు పాఠం, అంతే ఆయన లెక్క. అందులో గర్వం ఉంది, మొండితనం ఉంది, కొంచెం నిజం కూడా ఉంది.

తొంభై ఎనిమిదిలో ఆయన కళ్లు మోసం చేశాయి. అక్షరం మీద చూపు నిలిపితే సరిగ్గా ఆ అక్షరమే కనపడదు. చుట్టూ ఉన్నవి మసగ్గా తెలుస్తాయి. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. దోవ తెలుస్తుంది, బోర్డు మీది పేరు తెలియదు. మదనపల్లెకు పోయి చూపించుకున్నాడు. కంటి లోపల మధ్య భాగం పాడైపోయిందనీ, ఆపరేషను చేసినా ఆ చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. నడకకు ఇబ్బంది లేదు, చదువుకు మాత్రం కష్టమని చెప్పి, ఇంతకీ తమరు ఏం పని చేస్తారని అడిగాడు. ఆదినారాయణ సేద్యమని చెప్పాడు. విద్వాన్ పరీక్ష పాసైన ఇరవై ఎనిమిదేళ్లకు ఆ మాట ఆయన నోట మళ్లీ వచ్చింది.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆయన తీర్మానం చేసుకున్నాడు. రిటైరయ్యేదాకా ఈ సంగతి మూడో చెవిన పడకూడదు. చూపు లేని పండితుణ్ణి ఇంటికి పంపించేస్తారని ఆయన నమ్మకం. అది నిజమో కాదో ఎవరినీ అడగలేదు, అడిగితే బయటపడిపోతుంది గదా. ఇంటికి పంపితే బాలప్ప చేను ఉంది, తిండికి కరువు లేదు. కానీ క్లాసులో నిలబడి పాఠం చదవని ఆదినారాయణ అనే మనిషి ఎట్లా ఉంటాడో ఆయనకు ఊహకే అందలేదు.

నాలుగేళ్లు బాగానే నెట్టుకొచ్చాడు. పాత వాచకాలన్నీ కంఠతా వచ్చు. పుస్తకం తెరిచి పట్టుకుని, అలవాటైన చోట పేజీ తిప్పుతూ, గుండెలోనుంచి చదివేవాడు. హాజరు పట్టీ నంబర్ల వరుసలో నోటికి వచ్చేసింది. పరీక్ష పేపర్లు పిల్లలచేతనే ఒకరివి ఒకరు దిద్దించి, అది తన పద్ధతి అన్నాడు. నల్లబల్ల మీద చెయ్యి తనంతట తానే రాసేది. ఇంట్లో చదివి పెట్టేవాళ్లు ఎవరూ లేరు. రత్నమ్మకు అక్షరం రాదు. ముప్ఫై ఏళ్లు ఊరి పిల్లలకు చదువు చెప్పిన మనిషి, పొద్దున లేచి తనకు అన్నం పెట్టే మనిషికి ఓనమాలు దిద్దించలేదు. ఆ పొరపాటు ఇప్పుడు ఆయన కాళ్లకే చుట్టుకుంది.

రెండువేల రెండు జూన్‌లో రెండు ఒకేసారి వచ్చి పడ్డాయి. ఏడో తరగతికి కొత్త వాచకం వచ్చింది. స్కూలుకు కౌసల్య వచ్చింది.

కౌసల్యకు ముప్ఫై లోపే. మదనపల్లెలో పదిరోజుల ట్రైనింగు చేసి వచ్చింది, దానితోపాటు ఒక పథకం కింద రెండు టేప్ రికార్డర్లు, ఒక పెట్టెడు క్యాసెట్లు వచ్చాయి. రోజూ మధ్యాహ్నం ఒక గంట ఏడో తరగతికి చదివే గంట. నలుగురేసి పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు చదవాలి, ఒకరు ప్రశ్నలడగాలి, ఒకరు తెలియని మాటలకు అర్థాలు వెతకాలి, ఒకరు పాఠం అయిపోయాక కథ ఆ తర్వాత ఏమై ఉంటుందో చెప్పాలి. వారం వారం పనులు మారతాయి. చదివేవాళ్ల గొంతు టేపులో ఎక్కుతుంది, పేజీ తిప్పినప్పుడల్లా నంబరు చెప్పాలి. చదువు సరిగా రానివాళ్లు ఆ క్యాసెట్టు వింటూ పుస్తకంలో వేలు పెట్టి వెంబడిస్తారు. చివర్లో "ఈడితో పాఠం అయిపోయింది, ఇంక మా ముగింపు" అని చెప్పి సొంత ముక్క కలుపుతారు.

మొదటి స్టాఫు మీటింగులోనే కత్తులు దూసుకున్నారు. అరవై మంది ఒకేసారి అరిస్తే దాన్ని చదవడం అనరు, గోల అంటారని ఆమె అన్నది. మెత్తగా చెప్పడం ఆమెకు చేతకాదు, నేర్చుకోవాలని కూడా లేదు.

"ముప్ఫై ఏండ్లుగా నేను గోల చెప్తాండానమ్మా. ఆ గోల్లోనుంచే ముగ్గురు ఎమ్మేలు వచ్చినారు" అన్నాడు ఆదినారాయణ.

"వాళ్లు మీ వల్ల వచ్చినారో, మీరున్నా గూడా వచ్చినారో ఎవురికి తెలుసు సార్" అన్నది కౌసల్య.

ఆ మాటకు హెడ్‌మాస్టరు తలదించుకుని మినిట్స్ పుస్తకం తిరగేశాడు. ఆదినారాయణ ఆ మాటను మరచిపోలేదు. సీనియరు గనుక ప్రభుత్వ సామాను తన దగ్గరే ఉండాలని పట్టుబట్టి టేప్ రికార్డర్లను తన బీరువాలో పెట్టించి, తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. చదివే గంట రాగానే ఆయనకు ఎక్కడలేని పనులు గుర్తుకొచ్చేవి. ఆమె తాళం కోసం స్కూలంతా వెతకాలి. బ్యాటరీలు అయిపోతే ఆర్నెల్లకు గానీ రావన్నాడు. ఆమె పుంగనూరు పోయి తన చేతి డబ్బుతో కొనుక్కొచ్చింది. బయటి బ్యాటరీలతో ప్రభుత్వ యంత్రం పాడైతే ఎవరు బాధ్యులని ఆయన లిఖితపూర్వకంగా అడిగాడు. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఊగుతున్న తన కుర్చీ కాలి కింద పెట్టుకుంది.

ఇదంతా ఒట్టి పంతమైతే నవ్వి ఊరుకోవచ్చు. అడుగున భయం ఉంది. గుంపులో కూర్చున్న పిల్లలకు అడగడం అలవాటవుతోంది. ఆయన ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎవరూ ఆయన్ను ఏమీ అడగలేదు.

జూలైలో ఆ రోజు రానే వచ్చింది. కొత్త వాచకంలో మొదటి పాఠం పద్యాలు. అవి ఆయనకు వచ్చినవే. రెండోది కొత్తది. కిటికీ అవతల నిలబడి చదివే గంటలో చెవిన పడ్డ నాలుగు ముక్కలు పోగేసుకుని, వాటికి తన మాటలు అతికించి, పుస్తకం పట్టుకుని చదువుతున్నట్టే చెప్పుకుపోతున్నాడు. రెండో బెంచీలో సాయికుమార్ లేచాడు. వాడిలో పొగరు లేదు, నిజంగానే దోవ తప్పాడు.

"సార్, మీరు చదివేది యే పేజీలో ఉండాది సార్?" అన్నాడు.

ఆదినారాయణ డస్టరు తీసుకుని వాడి చేతివేళ్ల మీద కొట్టాడు. చెక్క అంచు తగిలింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ దెబ్బకు ఏ సాకూ లేదు. మనిషికి ఎంత భయమైనా ఉండనీ, పిల్లవాడి వేళ్లు ఏం చేశాయి? నడిమి వేలు ఎముక చిట్లి, ఉబ్బి నెలరోజులు వంగలేదు.

మధ్యాహ్నం కౌసల్య ఆ పిల్లవాణ్ణి స్టాఫు రూముకు తీసుకొచ్చి వాడి చెయ్యి ఆయన ముక్కు ముందర పెట్టింది. చూడండి సార్ అన్నది. ఆయనకు ఒక నల్లటి మసక కనిపించింది, అంతే.

"సూసినాలే" అన్నాడు.

ఆ మాటతో ఆమె మనసులో ఆయన పూర్తిగా చచ్చిపోయాడు.

ఆ వారంలోనే ఆయనకు దోవ దొరికింది. బీరువా తాళం వేస్తూ ఒక టేపు మీట నొక్కితే, ఒక ఆడపిల్ల గొంతు మూడో పాఠం చదువుతోంది. తడబాటు లేదు. పేజీ మారినప్పుడల్లా నంబరు చెబుతోంది. ఆయన మీట ఆపి, తలుపు వైపు చూసి, యంత్రాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటినుంచి వారానికొకసారి అదే తంతు. పొద్దున పాలు పితికే వేళకు పశువుల కొట్టంలో కూర్చుని, చెవికి ఆనించుకుని, పేజీలతో సహా పాఠం కంఠతా పట్టేవాడు. బడిలో ఎవరి గుంపునైతే తిట్టేవాడో, కొట్టంలో ఆ గుంపుకే శిష్యుడయ్యాడు. దీనికి సిగ్గుపడ్డాడా అంటే పడ్డాడు. సిగ్గు పెరిగేకొద్దీ కౌసల్య మీద కోపం ఇంకా పెరిగింది.

"ఆ యమ్మిని తిడతావు, ఆ యమ్మి డబ్బాను ఇంటికి తెస్తావు. యాల?" అని రత్నమ్మ పాలచెంబు పట్టుకుని అడిగింది.

"తప్పులు పట్టాల" అన్నాడు.

మూడో పాఠం చదివిన గొంతు యమునదని ఆయన గుర్తుపట్టాడు. వాళ్ల నాయన శాంతిపురం దగ్గర గ్రానైటు క్వారీలో రాళ్లు కోస్తాడు, తల్లి కూలికి పోతుంది. హాజరుకు పలకడం తప్ప క్లాసులో ఎప్పుడూ నోరు మెదపని పిల్ల. నోరు మెదపని పిల్ల అంత స్పష్టంగా ఎట్లా చదువుతుందని ఆయన ఒక్కసారీ ఆలోచించలేదు. మూడో పాఠం క్లాసులో చదివేటప్పుడు చిన్న పొరపాటు జరిగింది. టేపులో విన్నది విన్నట్టు, వాక్యం మధ్యలో "పేజీ ఇరవై రెండు" అనేశాడు. వెంటనే సర్దుకుని, తిప్పండిరా పేజీ అని గదమాయించాడు. అందరూ తిప్పారు. ఆ సంగతి అక్కడితో పోయిందనుకున్నాడు.

నవంబరులో ఎనిమిదో పాఠం క్యాసెట్టు తెచ్చుకున్నాడు. ఒక ముసలాయన బండగుట్ట మీద ఒంటరిగా బావి తవ్వే కథ. ఊరంతా ఆయన్ను పిచ్చివాడంటుంది. ఇరవై ఏళ్లకు నీళ్లు పడతాయి. ఊరు పండగ చేసుకుంటుంది. పాఠం మామూలుగానే నడిచింది. చివర్లో యమున గొంతు కొంచెం తగ్గింది.

"నీళ్లు పడ్డాయని ఊరంతా చెప్పినా ముసలాయన నమ్మలేదు. ఆయనకు అప్పటికే చూపు పోయింది. ఒక రాయి తీసి బావిలోకి వేసి, చప్పుడు విని, అప్పుడు కూర్చున్నాడు. ఈడితో పాఠం అయిపోయింది."

ఆదినారాయణ మళ్లీ వెనక్కి తిప్పి విన్నాడు. మళ్లీ విన్నాడు. కళ్లవెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. ఇరవై ఏళ్లు తవ్విన మనిషికి తన నీళ్లు తనకు కనపడలేదు. రాయి వేసి వినాల్సి వచ్చింది. ఈ పాఠం రాసిన మహానుభావుడు ఎవరో గానీ తన లోపల కూర్చుని రాశాడనుకున్నాడు. కొట్టం గడపలో నిలబడి రత్నమ్మ కూడా విన్నది.

"కండ్లు లేనోన్ని దగ్గిరుండి సూసినోళ్లు రాసినారు దీన్ని" అన్నది.

ఆ పాఠం ఆయనకు ప్రాణమైపోయింది. దాన్ని క్లాసులో చదివే రోజు కోసం ఎదురుచూశాడు. మంచి పాఠం చేతిలో పడేసరికి కౌసల్యను సాగనంపే ధైర్యం కూడా వచ్చింది. పోస్టుకార్డు మీద ఎంఈఓ గారికి ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. చదివే గంటలో చదువు లేదనీ, టేపుల్లో సినిమా పాటలు మోగుతున్నాయనీ, కామన్ పరీక్షల ముందు పిల్లలు నాశనమవుతున్నారనీ రాశాడు. అంతా అబద్ధం. వరుస తప్పకుండా స్కేలు పెట్టుకుని రాశాడు గానీ రెండుచోట్ల ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కింది.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారానికి ఎంఈఓ మధుసూదన్ గారు వచ్చారు. ఇద్దరి పాఠాలూ వింటాననీ, గుంపు చదువు పనికిమాలినదైతే ఆ గంట రద్దు చేసి యంత్రాలు వెనక్కి పంపిస్తాననీ హెడ్‌మాస్టరుతో గట్టిగానే అన్నారు. ఆ మాట ఆదినారాయణ చెవిన పడింది. ముందు తన పాఠం వినమని ఆయనే కోరాడు. ఎనిమిదో పాఠం ఎత్తుకున్నాడు.

ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆ రోజు ఆయన చదివినట్టు ఆ బడిలో ఎవరూ ఎప్పుడూ చదవలేదు. గడ్డపార బండ మీద పడ్డ చప్పుడు, ఊరి ఎగతాళి, ముసలాయన ఆయాసం, అన్నీ ఆ గొంతులో వినిపించాయి. ఎంఈఓ కళ్లు మూసుకుని విన్నారు. వెనక బెంచీలో కౌసల్య ఒళ్లో పుస్తకం తెరుచుకుని వేలు పెట్టి వెంబడిస్తోంది. చివరి పేజీ వచ్చింది. ముసలాయన రాయి వేశాడు. చప్పుడు విని, అప్పుడు కూర్చున్నాడు.

కౌసల్య వేలు పేజీ కింద ఆగిపోయింది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంఈఓ కళ్లు తెరిచి, తనకు రోమాలు నిక్కబొడుచుకున్నాయన్నారు. ఆ చివరి మాటలు డైరీలో రాసుకుంటానని, ఆ పేజీ ఒకసారి ఇవ్వమని చెయ్యి చాపారు.

ఆదినారాయణ ఏ జంకూ లేకుండా పుస్తకం అందించాడు. "కడాకరి పేరా సార్" అన్నాడు.

ఎంఈఓ చూశారు. ముందు పేజీ చూశారు, తర్వాత పేజీ చూశారు.

"ఈడ లేదే" అన్నారు.

"బాగా సూడండి సార్. కడాకరిదే."

"ఊరంతా పండుగ చేసుకున్నారు. అంతటితో అయిపోయింది పాఠం. మీరు చదివింది దీంట్లో యాడా లేదు."

ఆదినారాయణకు అప్పుడు అర్థమైంది. ఆ వాక్యం రాసిన మహానుభావుడు ఎవరూ లేడు. ఆయనకు అప్పటికే చూపు పోయింది అన్నది ఏ ముసలాయన గురించో ఇప్పుడు తెలిసింది. రెండు నెలలు కొట్టంలో కూర్చుని ఆయన గుండెకు హత్తుకున్నది తన కోసం పన్నిన వల. తన గుట్టును తన గొంతుతోనే, తన పై అధికారి ముందు, అంత అందంగా చదివి వినిపించాడు. పారిపోవాలనిపించింది. తలుపు ఎటువైపు ఉందో కూడా తోచలేదు.

కౌసల్యకు అంతా తెలిసిపోయింది. ఆకాశరామన్న కార్డును ఎంఈఓ ఆమెకు పొద్దునే చూపించారు. ఎక్కిన వరుసలు చూసి ఆమెకు అనుమానం తగిలింది, ఇప్పుడు ముడి విడిపోయింది. ఆమె నోరు తెరిస్తే చాలు. తెరవాలనే లేచింది కూడా. ఈలోగా మూడో బెంచీలో యమున లేచింది.

"అది మా గుంపు ముగింపు సార్. మేము రాసుకున్నది. సారు దాన్ని పాఠంతో కలిపి చదివి సూపిస్తానన్నాడు" అన్నది.

ఎంఈఓ ఆశ్చర్యంగా ఆదినారాయణ వైపు తిరిగారు. గుంపు చదువు మీకు గిట్టదని విన్నాను, మీరే పిల్లలు రాసింది చదువుతున్నారా అని అడిగారు.

ఆదినారాయణ ముందర రెండే దోవలు. కాదంటే కళ్ల గుట్టు పోతుంది, అవునంటే యుద్ధం పోతుంది. ఏడు నెలలు పళ్లు కొరికి చేసిన యుద్ధం.

"అవును సార్. వాళ్లు రాసిందే. నేనే చదివినాను" అన్నాడు.

ఎంఈఓ విజిట్ బుక్కులో అరపేజీ రాశారు. సీనియరు పండితులు స్వయంగా గుంపు చదువును పాఠంలో కలుపుకోవడం మెచ్చదగినదనీ, ఇకమీదట చదివే గంటలో ఆయన కూడా పిల్లలతో కూర్చోవాలనీ రాసి సంతకం పెట్టారు. ఆకాశరామన్న కార్డును చించి చెత్తబుట్టలో వేసి, సాయంత్రం బస్సుకు పుంగనూరు వెళ్లిపోయారు.

స్టాఫు రూములో కౌసల్య తన కుర్చీ ఇటువైపు తిప్పింది. ఎన్నాళ్లుగా అని అడిగింది. నాలుగేండ్లని ఆయన గోడవైపు చూస్తూనే చెప్పాడు.

"సాయికుమారు చెయ్యి సూపించినప్పుడు గూడా కనపళ్లేదా?"

"లేదు."

"కనపడకుండానే సూసినాలే అనినారు."

ఆయన చెయ్యి మొలతాడుకున్న తాళం చెవి మీదికి పోయింది.

"నేను ఎవురికీ చెప్పను. మీ మీద జాలి పడి కాదు సార్. మిమ్మల్ని పంపించేస్తే ఇంకో అరిచే పంతులును తెచ్చి ఏస్తారు. తాళం ఇయ్యండి" అన్నది.

ఆయన మొలతాడుకున్న తాళం చెవి విప్పి బల్ల మీద పెట్టాడు. ఆమె తీసుకుని కుర్చీని మళ్లీ కిటికీవైపు తిప్పుకుంది.

మరునాడు మధ్యాహ్నం ఆయన మోకాళ్లు పట్టుకుంటూ నేల మీద కూర్చున్నాడు. యమున గుంపులోనే. పిల్లలు ఆయనకు చోటిచ్చారు గానీ దగ్గరగా జరగలేదు. కాసేపటికి ఆయనే అడిగాడు, ఆ ముక్క ఎవరు రాశారని. తానేనని యమున చెప్పింది. మూడో పాఠంలో పేజీ నంబరు చదివినప్పుడే ఆయనకు కనపడదేమోనని తమకు అనుమానం వచ్చిందనీ, తీరా చూస్తే క్యాసెట్లు తాము ఆపిన చోట ఉండటం లేదనీ, సాయికుమార్ వేళ్లు చూసి తాము నలుగురూ ఒకటనుకున్నామనీ దాపరికం లేకుండా చెప్పింది.

"కావాలనే పాఠం లోపల పెట్టినాం సార్. అందురూ నవ్వాల అనుకున్నాం. మీరు చదివితే నవ్వు రాలే" అన్నది.

ఆదినారాయణ ఒళ్లో ఉన్న పుస్తకం మూశాడు.

"వాక్యం బాగుంది. నువ్వు మాత్రం మంచిదానివి కాదు" అన్నాడు.

"మీరు గూడా కాదు సార్" అన్నది యమున.

ఆ మాటకు ఆయన డస్టరు కోసం వెతకలేదు. దగ్గర డస్టరు లేదనుకోండి, ఉన్నా వెతికేవాడు కాడని నా నమ్మకం. వారం మారింది గనుక పనులు పంచుకోవాలని పిల్లలు అన్నారు. చదివే పని యమునకే వచ్చింది. మాటలు వెతికేది, ముగించేది మిగతా ఇద్దరూ తీసుకున్నారు. సాయికుమార్ ఆ వారం టేపు మీట నొక్కేవాడు. ఇక మిగిలింది అడిగే పని. అందరూ ఆయన వైపు చూశారు.

కొత్త పాఠం. ఇంకా ఏ టేపులోనూ ఎక్కలేదు. ఆయన ఒళ్లో పుస్తకం ఉంది, అందులో ఎక్కడ తెరవాలో ఆయనకు తెలియదు. యమున గొంతు సవరించుకుంది. ఆదినారాయణ అయ్యవారు ముప్ఫై ఏళ్ల సర్వీసులో మొదటిసారి పిల్లలను పాఠంలో ఒక ప్రశ్న అడిగాడు.

"యే పేజీరా?"

అడిగింది సాయికుమార్ ఉన్న వైపు తిరిగి. వాడు వెంటనే చెప్పలేదు. సరిగా అతకని నడిమి వేలును ఇంకో చేత్తో పట్టుకుని, ఆయన్ను అట్లాగే చూస్తూ కూర్చున్నాడు. ఆయన పుస్తకం పట్టుకుని ఎదురుచూశాడు. పక్క గుంపులో ఎవరో పాఠం మొదలుపెట్టి రెండు పేరాలు చదివేశారు.

"యాభై మూడు" అన్నాడు సాయికుమార్.